పదహారులో పెట్టిన గది

ఆ మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి భ్రమరాంబ చేసిన పని ఎవరూ చెయ్యమన్నదీ కాదు, ఎవరూ చూసిందీ కాదు. ఇనప రాడ్ల మిల్లు ఆఫీసులో మీటింగు గది తుడిచింది. బల్లకి అవతల మూడు కుర్చీలు సర్ది, ఇవతల ఒకే ఒక కుర్చీ వేసింది. వంటగదిలో చెంచాల సొరుగులోంచి ఏసీ రిమోటు తెచ్చి కింది బాణం గుర్తు నొక్కుతూ పోయింది. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై రెండు... పదహారు దగ్గరకొచ్చేసరికి అది ఇంక దిగనంది. రిమోటు తీసుకెళ్ళి మళ్ళీ సొరుగులో పడేసి, వచ్చి గోడ మీది ఏసీకి ఓ దణ్ణం పెట్టుకుంది. చదువు రెండో తరగతితో ఆగిపోయినా అంకెలకేం లోటు లేదు ఆవిడకి, బస్సు నంబర్లు నేర్పాయి. పాత రిమోటు ఎవరో పారేసిన దగ్గర్నుంచి కొత్తది ఆవిడ పూచీలోనే ఉంటోంది.

దణ్ణం ఎందుకంటే, ఆ మూడు రోజుల్లో నలభై మంది బతుకులు ఆ గదిలోనే తేలిపోవాలి. మిల్లుకి మనుషుల్ని పెట్టే పాత కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు. కొత్తాయన అర్జునరావు వచ్చాడు. ఉన్నవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ పిలిచి, మాట్లాడి, పనికొస్తారనుకున్నవాళ్ళనే ఉంచుకుంటానన్నాడు. ఆయన పక్కన మిల్లు మేనేజరు మోహనకృష్ణ, గోదావరి మనిషి. ఇంకో పక్క జీతాలూ సెలవులూ చూసే శ్రీసత్య మేడమ్. ఆ జాబితాలో భ్రమరాంబ పేరు కూడా ఉంది, గురువారం, అందరికన్నా ఆఖర్న.

పన్నెండేళ్ళుగా టీ కెటిలు మోస్తూ ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. ఫర్నేసు దగ్గర, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మలు బయటికొచ్చే చోట, ఎవడూ ఎవడితోనూ మనిషిలా మాట్లాడడు. అక్కడ "ఒరేయ్" అంటే గౌరవం కిందే లెక్క. అంతంత నోరు చేసుకునే ఫోర్‌మేను ఆఫీసులోకొచ్చి ఏసీ కింద నిలబడ్డాడంటే చాలు, "చిత్తమండి" అంటాడు. కాబట్టి వేడి మనిషిని పాడుచేస్తుంది, చల్లదనం బాగుచేస్తుంది. దీనికి పెద్ద పుస్తకాలు చదవక్కర్లేదు. గది ఎంత చల్లగా ఉంటే పెద్దవాళ్ళ మనసులు అంత చల్లబడతాయి, నలుగురికి మేలు జరుగుతుంది. ఆవిడ లెక్క అది.

తొమ్మిదిన్నరకి మొదటి పేరు ముసలమ్మది. మిల్లు ఆవరణ ఊడ్చే మనిషి. భ్రమరాంబ టీ ట్రేతో తలుపు తోసేసరికి లోపల నవ్వులు.

"ముసలమ్మ అని చిన్నప్పుడే పెట్టారా అండీ?" అంటోంది శ్రీసత్య.

"అవునమ్మగారూ. పుట్టినకాడ్నుంచీ నాను ముసల్దాన్నే. ఇప్పుడిప్పుడే వయసొస్తంది."

మోహనకృష్ణ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అర్జునరావు ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాడు. చూశావా, నా పదహారు పనిచేస్తోంది అనుకుంది భ్రమరాంబ, ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని బయటికొస్తూ.

కానీ పదకొండు దాటాక నవ్వులు వినపడలేదు. రెండోసారి టీ పట్టుకెళ్ళినప్పుడు శ్రీసత్య చున్నీ విప్పి భుజాల చుట్టూ కప్పుకుని ఉంది. మోహనకృష్ణ చేతులు రెండూ బల్ల కింద పెట్టుకున్నాడు. అర్జునరావు ప్రశ్నకి జవాబు పూర్తి కాకుండానే "సరే, ఎల్లు" అంటున్నాడు. పెద్దపని కదా, బిగుసుకుని ఉంటారు అనుకుంది ఆవిడ.

పన్నెండింటికి గవర్రాజు వచ్చాడు. ఫర్నేసు నోటి దగ్గర పెద్ద పట్టకారుతో దిమ్మలు లాగే మనిషి. తనకన్నా ముందు పేరువాడు రాకపోయేసరికి షిఫ్టు మధ్యలోంచి పిలిపించారు. నీలం చొక్కా పిండితే కారేలా ఉంది. వీపు మీద ఉప్పు తెల్లటి చారలు కట్టింది.

గవర్రాజంటే భ్రమరాంబకి గిట్టదు. ఫర్నేసువాళ్ళకి సత్తువ పోతుందని వాళ్ళ కెటిల్లో పంచదార రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేసి మరీ పట్టుకెళ్తుంది. ఇతగాడు ఒక్కనాడూ మొహం చూసి గ్లాసు అందుకోలేదు. తల వంచుకుని, చెయ్యి చాపి, లాక్కుని, తాగేసి, ఖాళీ గ్లాసు నేల మీద పెట్టేస్తాడు. పొగరుమోతు అని పేరు పెట్టేసింది.

ఆవిడ కప్పులు తియ్యడానికి వెళ్ళేసరికి గవర్రాజు ఆ ఒంటరి కుర్చీలో ఉన్నాడు. ఏసీ గాలి సరిగ్గా అతని నెత్తిన పడుతోంది. చేతులు రెండూ చంకల్లో దోపుకున్నాడు. దవడ బిగిసి ఉంది.

"ఎన్నేళ్ళయిందయ్యా ఇక్కడ?" మోహనకృష్ణ అడిగాడు.

"తొమ్మిది."

"తొమ్మిదేంటి?"

"ఏళ్ళు."

"షిఫ్టులు మారిస్తే చేస్తావా?"

గవర్రాజు తల ఊపాడో, వణికాడో. మాట రాలేదు.

"అడుగుతుంటే నోరు విప్పి చెప్పాలి కదండి మరి" అన్నాడు మోహనకృష్ణ విసుగ్గా.

"ఆ కూర్సోడం సూడండి సారు. సంకల్లో సేతులెట్టుకుని, అత్తారింటికొచ్చిన అల్లుడ్లాగ" అన్నాడు అర్జునరావు.

శ్రీసత్య తల ఎత్తకుండా ఏదో రాసింది. తగిన శాస్తి అనుకుంటూనే కప్పులు ఏరుకుంది భ్రమరాంబ. రెండు కప్పుల్లో టీ అలాగే ఉంది, మీగడ కట్టి.

వరండా బయట, మధ్యాహ్నపు ఎండ పడే చోట ఒక గచ్చు అరుగుంది. మే నెలలో ఆ అరుగు మీద కాకి కూడా వాలదు. వంటగది కిటికీలోంచి చూస్తే గవర్రాజు దాని మీద కూర్చుని ఉన్నాడు, నడినెత్తిన ఎండ పెట్టుకుని. ఏమిటీ చోద్యం అనిపించి, మిగిలిన టీ ఒక గ్లాసులో పోసి పట్టుకెళ్ళింది.

అతను గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పళ్ళకి తగిలి గ్లాసు టకటకలాడింది.

"ఏటయ్యా, జొరమేటి?"

"కాదు పిన్నీ. తడి సొక్కా మీద ఆ గాలి తన్నింది. దవడ పట్టేసింది. ఆళ్ళేటడుగుతన్నారో ఇనపడతానే ఉంది గానీ నోరు పెగల్నేదు."

పిన్నీ అన్న మాట ఆవిడకి కొత్తగా తగిలింది. "తొమ్మిదేళ్ళకి ఇయ్యాల కనపడ్డానేటి నీకు?"

"రోజూ కనపడతావు. ఆ నీలం జోళ్ళు" అన్నాడు గవర్రాజు, ఆవిడ కాళ్ళవైపు చూపిస్తూ. "ఎడం జోడుకి ఎర్ర దారంతో కుట్టుంది. ఫర్నేసు కాడ తలెత్తితే సెమట కళ్ళల్లోకి దిగి మంటెత్తిపోద్ది పిన్నీ. వంచుకునే అందుకుంటాం. అందరం అంతే."

భ్రమరాంబ తన ఎడమ జోడు చూసుకుంది. ఎర్ర దారం. నిరుడు వానల్లో కుట్టించింది.

అతని జేబులో ఫోను మోగింది. తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టేశాడు. "మా పుష్ప. ఏటయ్యిందని అడగడానికే. ఏటని సెప్పను? సేతకానోడు ఒగ్గేసిన పని కాదిది. పని సేతనయినోడు మాట సేతకాక పోగొట్టుకున్నాడని సెప్పాలి."

గ్లాసు ఈసారి నేల మీద పెట్టలేదు. ఆవిడ చేతికిచ్చాడు.

సాయంత్రం గది సర్దడానికి వెళ్ళి బల్ల మీద అరచెయ్యి వేసింది భ్రమరాంబ. ఫిషింగ్ హార్బర్లో ఐసు పెట్టె మూత మీద చెయ్యి వేసినట్టుంది. కాసేపు నిలబడింది. చెయ్యి దానంతటదే కొంగు లాగి భుజాల మీద కప్పింది. గోడకి అంటించిన జాబితాలో టిక్కులు వేలితో లెక్కపెట్టింది. ముసలమ్మ దగ్గర్నుంచి వరసగా నలుగురు ఉన్నారు. పదకొండు దాటాక వెళ్ళిన పదిమందిలో ఇద్దరే మిగిలారు. ఎనిమిది పేర్లకి గీతలు.

ఆ నలుగురి వేళకి గది ఇంకా అంతగా చల్లబడలేదు. ఆ ముక్క తట్టేసరికి ఆవిడ జాబితా మీంచి వేలు లాగేసుకుంది.

మర్నాడు ఏసీ జోలికే పోలేదు. పొద్దున్నే వచ్చి కిటికీలు బార్లా తెరిచి, ఫ్యాను వేసి, చలి పాపం కడిగేసినట్టు చేతులు దులుపుకుంది. పదింటి దాకా బాగానే ఉంది. పదకొండుకి గాలి ఫర్నేసు వైపునుంచి తిరిగింది. పన్నెండయ్యేసరికి గదిలో ఫ్యాను వేడిగాలి కలుపుతోంది, అంతే. ఎవరైనా ఏసీ వెయ్యమంటారేమోనని సొరుగు దగ్గరే కాచుకుంది ఆవిడ. అడిగినవాళ్ళు లేరు.

క్రేను నడిపే మనిషిని లోపలికి పంపి, వెనకే టీ పట్టుకెళ్ళింది. లోపల అతని సంగతి ఎవరికీ పట్టలేదు. మేనేజరూ కాంట్రాక్టరూ ఒకరి మీదొకరు లేస్తున్నారు, హెల్మెట్లు ఎవరు కొనాలని.

"నేను చెప్పేది వినండి ముందు."

"తమరు సెప్పడం, నాను ఇనడం. మొన్నకాడ్నుంచీ అదేగదా అవుతంది."

శ్రీసత్య కాగితంతో విసురుకుంటూ "మీరు తర్వాత రండి" అంది క్రేను మనిషితో, అతని వైపు చూడకుండానే. భ్రమరాంబ ట్రే దించబోతే మోహనకృష్ణ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ ఉడుకులో టీ ఏంటమ్మా. తీసుకుపో."

పన్నెండేళ్ళలో ఆవిడ టీ వెనక్కి రావడం అదే మొదలు.

వంటగదిలో మూల తడిగుడ్డ చుట్టిన కుండ ఉంది. ఫ్రిజ్జు నీళ్ళకి పళ్ళు జివ్వుమంటాయని ఆవిడ తన కోసం తెచ్చి పెట్టుకున్నది. ఒక గ్లాసుడు ముంచుకు తాగింది. గొంతుకి ఎంత కావాలో అంతే చల్లగా దిగాయి. ఇంకో అరగ్లాసు తాగి, గ్లాసు బోర్లించి, రిమోటు తీసింది.

అందరూ భోజనాలకి వెళ్ళారు. కిటికీలు మూసి ఏసీ వేసింది. ఆ గదిలో పన్నెండేళ్ళలో ఎన్నడూ కూర్చోలేదు ఆవిడ. ఇప్పుడు వెళ్ళి ఆ ఒంటరి కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండులో ఉంటే కాసేపటికి కొంగు భుజం మీదికి పోయింది. ఇరవై తొమ్మిదికి పెంచితే కొంగుతో విసురుకోబుద్ధయింది. ఒక్కొక్క అంకే నొక్కుతూ, ఆగుతూ, నొక్కుతూ, ఆగుతూ, ఇరవై ఆరు దగ్గర కొంగు ఒళ్ళో ఊరుకుంది. చేతులు కూడా ఎటూ పోకుండా మోకాళ్ళ మీద ఉండిపోయాయి. లేచి, గాలి నెత్తిన పడకుండా ఆ కుర్చీని రెండు జానలు పక్కకి జరిపింది.

మధ్యాహ్నం క్రేను మనిషి మళ్ళీ వచ్చాడు. ఆవిడ టీ పట్టుకెళ్ళేసరికి అతను బరువు గాలిలో ఊగకుండా క్రేనుని ఎలా ఆపాలో చేత్తో చూపిస్తున్నాడు. అర్జునరావు ముందుకి వంగి చూస్తున్నాడు. ఇందాక వద్దన్న టీని మోహనకృష్ణ రెండుసార్లు పోయించుకున్నాడు. ఆ పూట వెళ్ళిన ఏడుగురిలో ఆరుగురికి టిక్కులు పడ్డాయి. సంతోషంగానే కెటిలు తోముకుంది భ్రమరాంబ. కానీ తోముతూ తోముతూ చూస్తే, మిలమిలలాడే కెటిలు మీద మంగళవారం గీత పడ్డ పేర్లు ఎనిమిదీ ఆవిడకి కనపడుతూనే ఉన్నాయి.

గురువారం మూడింటికి ఆవిడ వంతు.

"మిమ్మల్నేం అడుగుతామండీ" అంది శ్రీసత్య నవ్వుతూ. "మీ టీ లేకపోతే ఆఫీసు నడవదు." అర్జునరావు అప్పటికే టిక్కు పెట్టేశాడు. మోహనకృష్ణ కాగితాలు దొంతి పెడుతున్నాడు. లేచి వచ్చేస్తే సరిపోను. ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ కాళ్ళు లేవలేదు.

"ఇంకేమన్నా ఉందా భ్రమరాంబమ్మా?"

"ఒకటుంది బాబూ." మాట వచ్చాక ఆపడం ఆవిడకి ఎన్నడూ చేతకాలేదు. "మంగళారం నాడు ఏసీ నానే పదహార్లో ఎట్టినాను. సల్లగుంటే తమరంతా సల్లగా సూత్తారని ఎట్టినాను. ఆ గుంటడు గవర్రాజు తడి సొక్కాతో వచ్చి దాని కిందే కూకున్నాడు. నోరు బిగిసిపోయింది. పొగరు కాదు బాబూ. నానూ పొగరే అనుకున్నాను."

ముగ్గురూ తలలెత్తి గోడ మీది ఏసీ వైపు చూశారు. మోహనకృష్ణ శ్రీసత్య వైపు తిరిగాడు.

"అదేంటండి, మీరు పెట్టించారనుకున్నానే."

"నేనా? మీకు చల్లగా ఉండాలేమో అనుకున్నానండీ. వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను పట్టుకోలేకపోయాను. పెద్దవారు, మీకెలా చెప్పను?"

"ఆయ్, మేడమ్‌గారికి అలవాటేమోనని నేను నోరు మూసుకున్నానండి. మోకాళ్ళు పట్టేసి ఆ సాయంత్రం మెట్లు దిగలేకపోయాను."

ఇద్దరూ కలిసి అర్జునరావు వైపు చూశారు. ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"తమరిద్దరూ ఆఫీసర్లు. నాను కొత్తగా వచ్చినోడిని. సెలేత్తందంటే నామోషీ కాదేటి?" అని, గొంతు తగ్గించాడు. "నిజం సెప్పాలంటే, ఎవడొస్తే ఆడిని బేగి పంపేసి బయటపడదామనే సూసినాను."

మోహనకృష్ణ నవ్వబోయాడు. శ్రీసత్య నవ్వలేదు. మంగళవారం కాగితాలు దొంతిలోంచి లాగి ఒక్కొక్కటే తిప్పుతోంది. "మాట కలవదు" అని చదివింది. ఇంకోటి తిప్పింది. "మాట కలవదు. నిర్లక్ష్యం." మూడోది. "చేతులు కట్టుకుని కూర్చున్నాడు, నిర్లక్ష్యం." కాగితాలు బల్ల మీద పెట్టేసి వాటి మీద అరచెయ్యి ఆనించింది. "ఎనిమిది మందికీ ఒకే మాట రాశానండీ. మనుషులు వేరు, మాట ఒకటే."

మోహనకృష్ణ మొహంలో నవ్వు పోయింది. భ్రమరాంబ వైపు తిరిగాడు. "రిమోటు నీ చేతికిచ్చింది ఇందుకా?"

"తప్పే బాబూ. నన్ను తీసెయ్యాలంటే తీసెయ్యండి. ఆళ్ళని మట్టుకు మళ్ళీ పిలండి."

ఆయన ఆవిడ పేరు పక్కనున్న టిక్కుని చాలాసేపు చూశాడు. ఆవిడ కూడా దాన్నే చూస్తోంది. కొంగు కొసని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"ఇవాళ ఎంతలో పెట్టావు?" అని అడిగాడు.

"ఇరవై ఆరు బాబూ. నిన్న మజ్జాన్నం నుంచీ అదే."

"అందుకేనా, మోకాళ్ళ మాటే మర్చిపోయాను." కాగితాలు శ్రీసత్య వైపు తోశాడు. "రేపు పొద్దున్న ఎనిమిది మందినీ పిలవండి. నువ్వు మాత్రం ఆ రిమోటు ఇంకెవరికీ ఇవ్వకు."

శుక్రవారం గవర్రాజుని పావుగంట ముందే పిలిపించింది భ్రమరాంబ. "ఫర్నేసు కాడ్నుంచి తిన్నగా లోపలికెల్తే కాళ్ళిరగ్గొడతాను" అని కబురంపింది. వరండాలో నీడపట్టున కూర్చోబెట్టి, మొహం కడిగించి, ఇంటినుంచి తెచ్చుకున్న పొడి చొక్కా తొడుక్కోమని అటు తిరిగి నిలబడింది. పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నట్టుంది పిన్నీ అన్నాడు అతను. నీ మొకానికి అదొకటి తక్కువైందా అంది ఆవిడ.

లోపలేం మాట్లాడారో ఆవిడకి వినపడలేదు. తలుపు అద్దంలోంచి అతని వీపూ, చేతులూ కనపడ్డాయి. కాసేపు ఆ చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. తర్వాత లేచాయి. లేని పట్టకారు ఒకటి పట్టుకుని, లేని దిమ్మని ఒడుపుగా తిప్పి లాగాయి. అర్జునరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ చేతులు మళ్ళీ తిప్పి చూపించాయి. భ్రమరాంబ తలుపు దగ్గర్నుంచి వచ్చేసి పాలు పొయ్యి మీద పెట్టింది. ఇంక చూడక్కర్లేదు.

ఎనిమిది మందిలో ఆరుగురు నిలబడ్డారు. ఇద్దరు మళ్ళీ వద్దనిపించుకున్నారు. అందులో ఒకడు పొద్దున్నే మందు వాసనతో వచ్చాడు, వాడికి ఏ అంకె మీద పెట్టినా అంతే. రెండోవాడి కోసం మాత్రం ఆవిడ సాయంత్రం దాకా నొచ్చుకుంది.

శనివారం ఎప్పటిలాగే మూడింటికి ఫర్నేసు కెటిలు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఎర్రటి దిమ్మ ఒకటి గర్రుమంటూ దొర్లిపోయింది. ఎవడో ఎవణ్ణో అమ్మనా బూతులు తిట్టాడు, ఇంకొకడు అంతకన్నా గట్టిగా బదులిచ్చాడు. గవర్రాజు పట్టకారు ఆనించి, తల వంచుకుని, చెయ్యి చాపాడు. గ్లాసు అందింది. నీలం జోళ్ళు కదల్లేదు. అతను తల పైకెత్తాడు. నుదుటి మీది చెమట తిన్నగా కళ్ళలోకి దిగింది. కళ్ళు గట్టిగా మూసి, ఒక్కటి మాత్రం కాస్త తెరిచి ఆవిడ మొహం చూశాడు.

"ఒంచుకో నాయనా, మండుద్ది" అందావిడ.

"పరవానేదు. ఒక మాట సెప్పనా పిన్నీ, కోపం తెచ్చుకోవు గదా."

"సెప్పు."

"టీలో పంచదార మరీ ఎక్కువేత్తన్నావు. నాలిక అంటుకుపోతంది."

భ్రమరాంబ కెటిలు దించింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాను వచ్చినకాడ్నుంచీ."

"తొమ్మిదేళ్ళు! మరి సెప్పనేదేటి?"

గవర్రాజు పక్కనున్నవాళ్ళని చూశాడు. వాళ్ళంతా గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. "నువ్వు పేమగా ఏత్తన్నావని... మొగమాటం పిన్నీ. అందరికీని."

ఆవిడ ఖాళీ గ్లాసులు ఏరుకుని, కెటిలు ఎత్తుకుని, ఎండలోంచి ఆఫీసుకి నడిచింది. నడుస్తూ నవ్వుకుంటుంటే ముసలమ్మ చీపురు ఆపి చూసింది.

సోమవారం ఫర్నేసు కెటిల్లో ఒక గుప్పెడు తగ్గించింది. పట్టుకెళ్ళే ముందు, పన్నెండేళ్ళలో మొదటిసారి, ఒక గుక్క తనే రుచి చూసింది.

రెండో గుప్పెడు కూడా తగ్గించాల్సిందే అనుకుంది.